అమ్మాయి పుస్తకంలో పెన్సిల్ గీత

ప్రశ్న: నా వయసు 44. ఇంటర్ వరకు చదివాను, ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయన వ్యాన్ డ్రైవర్. ఒక్కతే అమ్మాయి. 18 ఏళ్లు, డిగ్రీ మొదటి సంవత్సరం. చిన్నప్పటి నుంచీ పుస్తకాల పిచ్చి. ఏడాదిగా చదివేవన్నీ ఒకే రకం. ఎవరో ఒక పిల్లో పిల్లాడో ఇంట్లోంచి బయటపడి, ఎదురుదెబ్బలు తిని, పెద్దవాళ్లయ్యే కథలు. మొన్న గది సర్దుతూ, అది చదవడం అయిపోయిన, డికెన్స్ రాసిన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ షెల్ఫులో పెడదామని తీస్తే ఒక చోట పేజీ విడిపోయింది. 14వ అధ్యాయం మొదటి వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది. సొంత ఇంటిని తలచుకుని సిగ్గుపడటం చాలా దుర్భరమైన సంగతి అని ఆ వాక్యం. పక్కన ‘నేనూ’ అని రాసుకుంది.

ఆ రోజంతా నాకు చేతులాడలేదు. అది కాలేజీకి వెళ్లాక ఆ పుస్తకం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. 27వ అధ్యాయంలో పాపం ఆ కమ్మరి జో, తను పెంచి పెద్దచేసిన, ఇప్పుడు దొరబాబైపోయిన బావమరిది పిప్‌ని చూడటానికి లండన్ వెళ్తాడు. అక్కడ ఏడుపొచ్చి ఆపేశాను. మేం దానికి ఏం తక్కువ చేశాం? పోయినసారి స్నేహితురాలు ఇంటికొస్తోందంటే, దానికి మాట రాకూడదని కుట్టు మిషను నేనే ముందుగా లోపలి గదిలోకి జరిపేశాను. మా ఆయనకి చెబితే ‘ఆ నవలలే దాన్ని పాడుచేస్తున్నాయి, ఇకమీదట సిలబస్ పుస్తకాలు తప్ప ఇంకేవీ ఇంట్లోకి రానివ్వకు’ అంటున్నారు. కూర్చోబెట్టి అడిగేయాలా, చూడనట్టే ఊరుకోవాలా?

జవాబు: అడగకండి. అలాగని చూడనట్టు నటించనూ వద్దు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది, చెబుతాను. దానికంటే ముందు మీరు చూసిన ఆ వాక్యం దగ్గరికే మళ్లీ వెళ్దాం. మీరు దాన్ని అమ్మాయి మీ మీద రాసిన ఫిర్యాదులా చదివినట్టున్నారు. నాకు అలా అనిపించలేదు.

ఆ వాక్యం ఎవరంటున్నారో చూడండి. కథంతా పిప్పే చెబుతాడు. కానీ చెప్పే పిప్ కుర్రాడు కాదు. తగలాల్సిన దెబ్బలన్నీ తగిలాక, నడివయసులో వెనక్కి తిరిగి తన చిన్నతనాన్ని తవ్వుకుంటున్న మనిషి. ఇంటిని చూసి సిగ్గుపడింది కుర్ర పిప్, ఆ సిగ్గు ఎంత దుర్భరమో చెబుతున్నది పెద్ద పిప్. వెంటనే వచ్చే మాటల్లో, ఇందులో నా కృతఘ్నత ఉండొచ్చు, దానికి పడాల్సిన శిక్షే పడి ఉండొచ్చు అని తనే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత, నోరున్న అక్క వల్ల తనకు ఇల్లంటే ఎన్నడూ పెద్ద సుఖం లేకపోయినా, ఆ ఇంటిని పవిత్రం చేసింది జోనే అంటాడు. బావ ఉన్నాడు కాబట్టి ముందుగదిని మహా గొప్ప హాలు అనుకున్నాడు, వీధి తలుపును గుడి ద్వారం అనుకున్నాడు, కొలిమిని మగాడయ్యే దారి అనుకున్నాడు. ఒక్క ఏడాదిలో అదంతా మారిపోయిందంటాడు. చాలా చిన్న అధ్యాయం అది, మీరు దాటి వచ్చేశారు. తీరికగా ఇంకోసారి చదవండి.

పిప్ జోని చిన్నచూపు చూసే చోట్లు ఆ నవలలో బోలెడున్నాయి. జో అక్షరాలు కూడబలుక్కునే తీరు, మాట తీరు, బట్టలు, అన్నిటికీ పిప్ ముడుచుకుపోతాడు. మీ అమ్మాయికి ఇల్లంటే వెగటు పుట్టి ఉంటే ఆ చోట్ల గీసేది. మిగతా పేజీలు మీరు తిరగేసే ఉంటారు, గీతలుంటే ఉత్తరంలో రాసేవారు. దాని పెన్సిల్ ఆగింది ఒక్క చోట, సిగ్గుపడుతున్నందుకు బాధపడే చోట. ఇల్లు నచ్చని పిల్ల ‘నేనూ’ అని రాసుకోదు, ఎంచక్కా స్నేహితురాళ్ల దగ్గర వెక్కిరిస్తుంది. తనలో తలెత్తిన ఒక ఆలోచన తనకే నచ్చక, దాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక, 160 ఏళ్ల కిందటి పిల్లాడికి చెప్పుకుంది. ఇందులో మీరు కుంగిపోవాల్సిందేమీ నాకు కనబడలేదు. నిజం చెప్పాలంటే, పద్దెనిమిదేళ్లకే ఆ తేడా పట్టుకున్న పిల్ల మీద గౌరవం కలిగింది.

ఇక మీ ఆయన మాట. నవలలు పాడుచేస్తున్నాయా? ఆ పుస్తకాన్నే అడగండి. పిప్‌కి సిగ్గు ఏ పుస్తకం నేర్పింది? ఏదీ కాదు. మిస్ హావిషమ్ అనే డబ్బున్నావిడ ఇంట్లో ఒక మధ్యాహ్నం నేర్పింది. ఆవిడ పెంచుకుంటున్న పిల్ల ఎస్టెల్లా పేకాడుతూ, ‘నేవ్’ అనాల్సిన ముక్కని వీడు ‘జాక్’ అంటున్నాడే అని ఈసడించింది. చేతులు మొరటుగా ఉన్నాయంది, బూట్లు మందంగా ఉన్నాయంది. అంతే. అప్పటిదాకా పిప్ తన చేతుల వంక ప్రత్యేకంగా చూసుకోనేలేదు. ఆ పేరు నేర్పింది జో కాబట్టి, జో కాస్త మర్యాదగా పెరిగి ఉంటే నేనూ అలాగే పెరిగేవాణ్ణి కదా అనే ఆలోచన అక్కడే మొదలైంది. మీ అమ్మాయికీ అలాంటి ఒక మధ్యాహ్నం ఎక్కడో తగిలే ఉంటుంది. కొత్త కాలేజీ, కొత్త స్నేహాలు, ‘మీ నాన్నగారు ఏం చేస్తారు’ అనే ప్రశ్న, దాని తర్వాత అర క్షణం మౌనం. అడిగినవాళ్లకి గుర్తు కూడా ఉండదు, విన్నవాళ్లకి ఏళ్ల తరబడి ఉంటుంది. నవల ఆ తర్వాత వచ్చింది. సిగ్గు పుట్టించడానికి కాదు, ఉన్నదాన్ని చూపించడానికి. పుస్తకాలు లాగేసుకుంటే సిగ్గు పోదు, చెప్పుకునే ఆ ఒక్క చోటూ పోతుంది. అందుకని సిలబస్ పుస్తకాలు మాత్రమే అనే ఆంక్ష మాట అసలు తలపెట్టొద్దని ఆయనకి చెప్పండి. మీ మాట వినకపోతే ఈ పేరా చదివి వినిపించండి.

అయితే ఈ రకం నవలల గురించి ఒక సంగతి మీకు తెలియాలి, లేకపోతే మీరు చదివే ప్రతి పుస్తకమూ మిమ్మల్ని ఏడిపిస్తుంది. వీటిలో తల్లిదండ్రులకు న్యాయం జరగదు. జరిగితే కథ నడవదు. పిప్‌కి తల్లీ తండ్రీ లేరు. షార్లట్ బ్రాంటీ నవలలో జేన్ ఐర్‌కి లేరు. డికెన్స్‌దే ఇంకో నవలలో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ పుట్టకముందే తండ్రి పోయాడు, అతని చిన్నతనంలోనే తల్లి పోయింది. ఈ తరహా నవలలకి మూలంగా చాలామంది చెప్పేది జర్మన్ రచయిత గోతే 1795, 96లో వెలువరించిన విల్‌హెల్మ్ మైస్టర్. అందులో కుర్రాడు తండ్రి నమ్ముకున్న వ్యాపారం కాదని నాటకాల వెంట పడతాడు. పిల్ల తన కాళ్ల మీద నిలబడాలంటే, రచయిత ముందుగా వెనకనున్న ఆసరా తీసెయ్యాలి. పెద్దవాళ్లని చంపేస్తాడు, లేదా మొండివాళ్లని చేస్తాడు, లేదా జో లాగా మంచివాళ్లనే ఉంచి పిల్లాడి కళ్లకు గంతలు కడతాడు. అది కథ కట్టే పద్ధతి. అందులో మీ ఇంటి లెక్క వెతుక్కుంటే ప్రతిసారీ మీకే బాకీ తేలుతుంది.

మీరు జో కోసం ఏడ్చారు. మీ వయసులో ఆ నవల చదివేవాళ్లు సహజంగా జో వైపే నిలబడతారు. అమ్మాయి పిప్ వైపు నిలబడింది, దాని వయసుకు అది సహజం. ఇద్దరూ సరిగ్గానే చదివారు. ఒక్కటే జాగ్రత్త, జోని తీసుకెళ్లి అమ్మాయి ముందు నిలబెట్టి ‘చూశావా, ఎంత మంచివాడో, వాణ్ణే వాడు లెక్కచేయలేదు’ అని అనకండి. ఆ ఒక్క మాటతో ఆ పుస్తకం మీ ఇంట్లో దెబ్బలాటకి పనికొచ్చే వస్తువైపోతుంది, ఇక అమ్మాయి దాన్ని తెరవదు.

మీరు ఆపేసిన 27వ అధ్యాయంలో నేను ఇంకోటి చూపించాలి. జో వస్తున్నాడని తెలిసి, డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చేవాణ్ణే అనుకుంటాడు పిప్. జో వచ్చి కూర్చుంటాడు, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియదు. నిప్పుగూడు పైన అంచు మీద పెడతాడు. అది పడుతుంది, తీసి పెడతాడు, మళ్లీ పడుతుంది. తన చేతుల్లో పెరిగిన పిల్లాణ్ణి ‘సర్’ అంటాడు. మీరు అక్కడే ఆగి ఉంటారు. ఇంకో పేజీ చదవండి. వెళ్లే ముందు జో నిలబడి మాట్లాడతాడు. ఈ బట్టల్లో నేను ఇమడను, కొలిమి దగ్గర నుంచి, వంటింటి నుంచి బయటికొస్తే నేను నేనుగా ఉండను, నన్ను చూడాలనిపిస్తే కొలిమి కిటికీలోంచి తొంగి చూడు, అక్కడ పాత దాగలి దగ్గర, కాలిన ఏప్రన్‌తో ఉంటాను అంటాడు. పిప్‌ని తిట్టలేదు. బతిమాలుకోనూలేదు. తన పని దగ్గర తను ఎవరో అతనికి తెలుసు. ఆ అధ్యాయం మొత్తంలో సిగ్గుపడని మనిషి అతనొక్కడే.

ఇప్పుడు మీ మిషను సంగతి. అమ్మాయి జరపమందా? అనలేదు, మీరే జరిపారు. ఎంతో ప్రేమతో చేశారని నాకు తెలుసు. కానీ ఆ పూట అమ్మాయి ఏం చూసింది? మా ఇంట్లో దాచాల్సింది ఒకటుంది, అది ఇదే అని మా అమ్మే ఒప్పుకుంది అని చూసింది. ఏ ఎస్టెల్లా వచ్చి అనక్కర్లేకుండా మనమే ముందుగా అనేస్తుంటాం, పిల్లల కోసమే అనుకుంటూ. ఈసారి ఎవరొచ్చినా మిషను ఎక్కడిదక్కడే ఉండనివ్వండి. కుట్టాల్సిన జాకెట్టు ఉంటే కుడుతూనే పలకరించండి. ‘కూర్చోమ్మా, ఈ అంచు ఒక్కటి అయిపోతుంది’ అనండి. మీరిచ్చే ఏ ఉపన్యాసం కన్నా అది అమ్మాయికి ఎక్కువ పనికొస్తుంది. మొదటిసారి దాని మొహం మాడొచ్చు. మాడనివ్వండి.

గీత విషయం. అమ్మాయి దాన్ని మీరు చూడాలని రాయలేదు. పుస్తకం తాళం వేసిన పెట్టెలోది కాదు కాబట్టి మీరు దొంగతనం చేయలేదు, అయినా ఆ మార్జిన్ దానిది. అందుకే ‘ఇదేంటే, ఇలా రాశావు’ అని పేజీ తెరిచి ముందు పెట్టకండి. ఒక్క మాట చెప్పండి చాలు: ‘నీ షెల్ఫులో ఉన్న ఆ డికెన్స్ పుస్తకం నేనూ చదువుతున్నానే, జో అంటే భలే ఇష్టమైపోయాడు.’ అది నిజం, దాపరికమూ లేదు. తన గీత మీ కళ్ల పడి ఉంటుందని దానికి వెంటనే తడుతుంది. తట్టనివ్వండి. ఆ తర్వాత ఆ మాట ఎత్తాలా వద్దా అన్నది దాని ఇష్టం. ఎత్తకపోతే మీరు ఎత్తకండి, పిప్ గురించి మాట్లాడండి, ఎస్టెల్లాని తిట్టుకోండి. నవలలు ఇంట్లో ఉండటంలో పెద్ద సుఖం ఇదే. మన గురించి మాట్లాడుకోలేని రోజున వాళ్ల గురించి మాట్లాడుకోవచ్చు.

‘నా పుస్తకం ఎందుకు ముట్టుకున్నావ్’ అని విరుచుకుపడితే? ‘సర్దుతుంటే కనబడింది, చదవాలనిపించింది, అడగాల్సింది’ అని ఒక్కసారి అనేసి ఊరుకోండి. రెండోసారి సంజాయిషీ వద్దు, కళ్లనీళ్లు అసలొద్దు. మీరు ఏడిస్తే అది తన బాధ పక్కన పెట్టి మిమ్మల్ని ఓదార్చాలి, ఇకమీదట ఏదీ రాసుకోదు కూడా. ఒకవేళ నోరు విప్పి కాలేజీలో ఎవరో ఏదో అన్నారని చెబితే వినండి. ‘వాళ్ల మాటలు పట్టించుకోకు’ అని వెంటనే మూత పెట్టకండి. అది ఒకరోజు మాట కాకుండా రోజూ జరిగే వేధింపని తేలితే మాత్రం కాలేజీలో చెప్పి ఆపించాలి. తిండీ నిద్రా తగ్గడం, కాలేజీ మానేస్తాననడం, బతకాలని లేదన్నట్టు మాట్లాడటం కనబడితే నవలలూ కబుర్లూ చాలవు, ఆలస్యం చేయకుండా సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ నాకు కనబడలేదు.

అమ్మాయి ఏదో ఒక రోజు వచ్చి క్షమించమని అడుగుతుందని మాత్రం ఎదురుచూడకండి. పిప్ అడుగుతాడు, నిజమే, కానీ అతనికి జబ్బు చేసి, అప్పులపాలై, చాలా పేజీలు గడిచాక. మీ అమ్మాయి చేసిందల్లా ఒక ఆలోచన రావడం, దానికి నొచ్చుకోవడం. దానికి క్షమాపణ దేనికి?

మీరు చదవడం ఆపొద్దు. నవల 59 అధ్యాయాలు, మీరింకా సగమే వచ్చారు, 57లో జో మళ్లీ వస్తాడు. నెమ్మదిగానే చదవండి, డిక్షనరీలో దొరకని మాటలు అమ్మాయిని అడగండి. ముగింపు డికెన్స్ మొదట ఒకలా రాసి, బుల్వర్ లిట్టన్ అనే తోటి రచయిత సలహా మీద అచ్చుకు ముందు మార్చాడు. ఆ రెండిట్లో ఏది బాగుందన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. అమ్మాయి ఎటువైపో అడిగి చూడండి. కాకపోతే మీరు అక్కడికి చేరేదాకా కథ చెప్పేయొద్దని ముందే గట్టిగా చెప్పండి, పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి నోరాగదు.