తండ్రే కోచ్ అయితే పిల్లాడికి మంచిదేనా?

"మా వాడి బేస్‌బాల్ టీమ్‌కి నన్నే కోచ్‌గా ఉండమంటున్నారు, ఒప్పుకోవచ్చా?" అని అడిగారు. తప్పకుండా ఒప్పుకోండి. కానీ ముందు క్యాల్ రిప్కెన్ సీనియర్ గురించి తెలుసుకోండి.

మేం మేరీలాండ్‌లో ఉంటాం. ఇక్కడి బాల్టిమోర్ నగరపు బేస్‌బాల్ టీమ్ ఓరియోల్స్‌కి వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడిన క్యాల్ జూనియర్ పేరు ఇక్కడ మన పిల్లలకి కూడా తెలుసు. వాళ్ల నాన్న పేరెత్తితే మాత్రం "ఆయనెవరు అంకుల్?" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆయన క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. భుజం దెబ్బతిని ఆట ఆగిపోయింది, అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా 36 ఏళ్లు ఓరియోల్స్ సంస్థనే పట్టుకుని ఉన్నాడు. ఆ సంస్థకే చెందిన చిన్న ఊళ్ల టీములకి ఏళ్ల తరబడి మేనేజర్ (బేస్‌బాల్‌లో హెడ్ కోచ్‌ని అలా అంటారు), తర్వాత బాల్టిమోర్‌లో థర్డ్ బేస్ కోచ్, అంటే మూడో బేస్ దగ్గర నిలబడి పరుగెత్తేవాళ్లకి సైగలు చేసేవాడు. ఊరికే ప్రాక్టీస్ చేస్తే సరిపోదు, తప్పుల్లేకుండా చేస్తేనే ఆట వస్తుందనేది ఆయన మాట.

1987లో ఓరియోల్స్ మేనేజర్ అయ్యాడు. జులైలో చిన్నకొడుకు బిల్లీ కూడా టీమ్‌లోకి వచ్చాడు. మేజర్ లీగ్‌లో ఇద్దరు కొడుకులను ఒకేసారి ఆడించిన మొదటి మేనేజర్ ఆయనే.

ఆ సెప్టెంబర్ 14న టొరంటోలో మ్యాచ్. అవతలివాళ్లు 10 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) బాదారు, చివరికి 18-3 తేడాతో ఓరియోల్స్ ఓడింది. జూనియర్ 1982 జూన్ నుంచి ఒక్క ఇన్నింగ్స్ కూడా వదలకుండా 8,243 ఇన్నింగ్స్ ఆడి ఉన్నాడు. పత్రికలవాళ్లు పొద్దున లేస్తే దాని గురించే అడిగేవారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో టీమ్ ఫీల్డింగ్‌కి దిగుతుంటే, జూనియర్ రోజూ నిలబడే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు)లోకి రాన్ వాషింగ్టన్ అనే ఆటగాడు వెళ్లాడు, జూనియర్ డగౌట్‌లో, అంటే మైదానం పక్కన ఆటగాళ్ల బెంచ్ మీద కూర్చున్నాడు. కొడుకు నెత్తిమీద బరువు దించాలని తండ్రే ఆపేశాడు. కొడుకు రికార్డును తన చేత్తో ఆపగలిగిన తండ్రులు ఎంతమంది ఉంటారు?

మా పార్కులో చూడండి. ఒకాయన కోచ్, ప్రతి మ్యాచ్‌లోనూ పిచర్ (బంతి విసిరేవాడు) ఆయన కొడుకే. మిగతా పిల్లలు బెంచ్ మీద పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు ఉమ్ముకుంటుంటారు. ఇక మన తెలుగువాళ్లు బ్యాటింగ్ ట్యూషన్‌కి డబ్బు పోస్తారు గానీ, నేల మీద దొర్లే బంతికి మోకాళ్లు వంచడం మాత్రం నేర్పించరు. సిక్సర్ల మోజు ఇక్కడికొచ్చినా పోలేదు.

మళ్లీ సీనియర్ దగ్గరికి వద్దాం. 1988లో మొదటి ఆరు మ్యాచ్‌లు ఓడారని ఆయన్ని మేనేజర్ పదవి నుంచి తీసేశారు. టీమ్ ఆ తర్వాత మరో 15 వరసగా ఓడింది, అంటే తప్పు ఆయనది కాదనేగా! నాన్న వేసుకున్న 7 నంబర్ జెర్సీని బిల్లీ అడిగి తీసుకున్నాడు. కోచ్‌గా నాన్న కఠినంగా ఉంటే పిల్లలు దూరమైపోతారని భయపడేవాళ్లకి నేను చెప్పేది ఈ సంగతే.

కాబట్టి ఒప్పుకోండి. మొదటి మ్యాచ్‌లోనే మీ వాడిని ఒక ఇన్నింగ్స్ బెంచ్ మీద కూర్చోబెట్టండి. మిగతా తల్లిదండ్రులు సీజనంతా మీ మాట వింటారు.