ఎస్3లో ఫోల్డర్ పేరు పైథాన్‌తో మార్చడం ఎలా?

తిరుపతిలో పెళ్లి ఫొటోల స్టూడియో అన్నారు, అమెజాన్ క్లౌడ్ స్టోరేజీ అయిన ఎస్3లో 'తిరుచానూరు' ఫోల్డర్ పేరు మార్చాలన్నారు. ఎస్3లో ఫైళ్లు దాచే మామూలు బకెట్‌లో అసలు ఫోల్డరే ఉండదండీ. 'తిరుచానూరు/పెళ్లి/001.జేపీజీ' అంతా కలిపి ఒకే పేరు, స్లాష్ కూడా అందులో ఓ అక్షరమే. అందుకే ఒక్కో ఫైల్‌నీ కొత్త పేరుతో కాపీ చేసి, పాతది డిలీట్ చేయాలి. ఎస్3తో పనిచేసే పైథాన్ లైబ్రరీ బోటో3లో, ఫైళ్ల పేర్లు తెచ్చే లిస్ట్_ఆబ్జెక్ట్స్_వి2 ఒక విడతకి 1000 పేర్లకు మించి ఇవ్వదు. మిగతా విడతలను కూడా వరసగా తెచ్చే పేజినేటర్ వాడకపోతే 1001వ ఫొటో పాత పేరుతోనే ఉండిపోతుంది, ఎర్రర్ కూడా రాదు, అదే అసలు చిక్కు. వీడియోలకు కాపీ_ఆబ్జెక్ట్ వద్దు, 5 జీబీ దాటితే ఒప్పుకోదు. ఉత్త 'కాపీ' మెథడ్ అయితే పెద్ద ఫైళ్లను తనే ముక్కలు చేసుకుంటుంది. డేటా మీ సిస్టమ్‌కి దిగిరాదు కాబట్టి స్టూడియో నెట్ స్లో అయినా పర్లేదు. వెర్షనింగ్ (ఫైళ్ల పాత వెర్షన్లను దాచి ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మాత్రం డిలీట్ చేశాక కూడా పాత వెర్షన్లకు బిల్లు పడుతూనే ఉంటుంది.