బదిలీ అయి వెళ్ళే మిషనరీ వీడ్కోలు సభలో ఏం మాట్లాడాలి?

ప్రశ్న అడిగిన సోదరులు ఆరేళ్ళుగా ఒక గ్రామ సంఘంలో మిషనరీగా పనిచేస్తున్నామనీ, వచ్చే నెలలో మరో జిల్లాకు బదిలీ అయిందనీ, వీడ్కోలు సభ కోసం మంచి ప్రసంగం ఎలా రాసుకోవాలో చెప్పమనీ కోరారు. ప్రసంగాల సంగతిలో నాకు అనుభవం తక్కువ. మా వారు మిషను పంపిన బోధకులు. ముప్పై నాలుగేళ్ళ సేవలో ఆయన అయిదుసార్లు ఊరు మారారు, ఆ అయిదుసార్లూ సామాను సర్దింది నేను. వీడ్కోలు అంటే ఏమిటో వేదిక మీద కూర్చున్నవారి కంటే వంటింట్లో గిన్నెలకు పాత చీరపేలికలు చుట్టినవారికే ఎక్కువ తెలుస్తుందని నా గట్టి నమ్మకం. అందుకని అడిగినదానితో పాటు అడగనివి కూడా కొన్ని చెబుతాను.

ముందు అడిగినదానికి జవాబు: రెండు నిమిషాలు మాట్లాడి కూర్చోండి. ఆ సభ మీది కాదు. అది సంఘ పెద్దలది, దండలు తెచ్చినవారిది, ఫొటోలో ముందు వరుసలో నిలబడాలని పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నవారిది. మా అయిదు సభల్లోనూ, మేము ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారైనా మా గడప తొక్కని పెద్దమనుషులు అరగంటకు తగ్గకుండా మా వారి సేవను పొగిడారు. నాలుగో ఊళ్ళో ఒకాయన మా వారి పేరు తప్పుగా చెప్పి, పక్కవారు చెవిలో ఊదినా వినిపించుకోక, చివరిదాకా ఆ పేరుతోనే కొనియాడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇక శాలువాల సంగతి చెప్పనక్కరలేదు. బదిలీలు వచ్చేదే మే నెలలో. ఆ ఎండలో, రేకుల కప్పు కింద, ఒకదానిమీద ఒకటి ఏడు శాలువాలు కప్పించుకుని నవ్వుతూ నిలబడడం సామాన్యమైన సేవ కాదు. ఆ డబ్బు పెట్టి ఉంటే రెండేళ్ళుగా అట్టముక్క అడ్డం పెట్టిన గుడి కిటికీకి తలుపులు వచ్చేవి. ఇప్పుడైతే ఫ్లెక్సీలు కూడా వచ్చాయి. వాటి వల్ల ఒక్కటే ప్రయోజనం, సభ అయిన మర్నాడు ఎవరో ఒకరు పీక్కెళ్ళి గొడ్లపాక మీద కప్పుకుంటారు.

బైబిలులో వీడ్కోలు మాటలు వెతుక్కుంటే చాలామంది అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయానికి పోతారు. ఎఫెసు సంఘ పెద్దలను పౌలు మిలేతుకు పిలిపించుకోవడం, వారు ఆయన మెడమీద పడి ఏడవడం, ఓడ దాకా సాగనంపడం, ఇవన్నీ సభలో చదవడానికి బాగుంటాయి. అయితే అక్కడ ఆ ఏడుపుకు ముందే పౌలు తాను ఎవరి వెండినిగాని బంగారాన్నిగాని వస్త్రాలనుగాని ఆశించలేదని లెక్క అప్పజెప్పాడు. మొదటి సమూయేలు పన్నెండో అధ్యాయంలో ముసలి సమూయేలు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, నేను ఎవరి ఎద్దును పట్టుకున్నాను, ఎవరి గాడిదను తీసుకున్నాను, ఎవరికి అన్యాయం చేశాను, ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అని ప్రజలందరి ముందూ అడిగాడు. మా వారు పట్టుకున్నది దీన్ని. బదిలీ ఉత్తర్వు చేతికి అందిన నాటి నుంచి లారీ వచ్చే దాకా రోజూ సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, గడపలోనే నిలబడి, "నా వల్ల మీకు బాకీ ఏమైనా ఉందా?" అని అడిగేవారు. కొందరు నవ్వేవారు, కొందరు నిజంగానే చెప్పేవారు. ఒక ఇంట్లో రెండు రూపాయల నలభై పైసల కిరసనాయిలు బాకీ తేలింది. అది నేను మరిచిపోయినది.

ఆ తిరుగుళ్ళలో ఒక ఇల్లు మాత్రం తలుపు తెరవలేదు. అది పల్నాడులో మా రెండో ఊరు. 1981 మే నెల. సాగర్ కుడికాలువ నీళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు అందాయి కాని, మా ఊరి పొలాలు మెరక మీద ఉండడం వల్ల అక్కడ ఇంకా జొన్నే తిండి. గుడికి ఇచ్చేదీ జొన్నే. ఈ ఆచారం తెలియనివారి కోసం ఒక మాట: మా సంఘాల్లో ఆడవారు వంటకు గింజలు తీసుకున్న ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు పక్కన కుండలో వేసి, వారం పొడుగునా పోగైనదాన్ని ఆదివారం గుడికి తెస్తారు. అన్నిచోట్లా పిడికెడు బియ్యం అంటారు, మా ఊళ్ళో పిడికెడు గింజలు అనేవారు. వాటిని అమ్మగా వచ్చిన డబ్బుతోనే దీపాలకు నూనె, గంటకు తాడు, బోధకుడి జీతంలో కొంత భాగం గడిచేవి. కానుకపెట్టెలో పడే నోట్ల కంటే ఈ గింజలే సంఘాన్ని నిలబెట్టాయని నేను ఎక్కడైనా వాదిస్తాను.

తలుపు తెరవని ఆ ఇంటి ముసలమ్మను ఊరంతా పెద్దమ్మ అనేవారు. 1979 వేసవిలో ఆమె మనవడి పెళ్ళి కుదిరింది. పిల్లకు పదహారు కూడా నిండలేదు. ఆడపిల్ల పెళ్ళి వయసు పద్దెనిమిదికి పెంచుతూ అంతకు ముందు సంవత్సరమే, 1978లో, చట్టాన్ని సవరించారు. పెళ్ళి రిజిస్టరులో వయసు రాయాల్సింది, కింద సంతకం పెట్టాల్సింది మా వారు. అబద్ధం రాయనన్నారు, రెండేళ్ళు ఆగితే తానే వచ్చి జరిపిస్తానన్నారు. "నా పెళ్ళి పన్నెండేళ్ళకే అయింది, ఆ చట్టం అప్పుడేడ పండుకుంది?" అని పెద్దమ్మ గుడి ముందు నిలబడి అడిగింది. పెళ్ళి మరోచోట జరిగిపోయింది. ఆ ఆదివారం నుంచి గుడిలో ఆడవారి వైపు రెండో స్తంభం దగ్గర ఆమె చాప పరిచే చోటు ఖాళీ అయింది, ఆమె కుండ రావడమూ ఆగింది. మేము వెళ్ళేముందు మా వారు ఆమె ఇంటికి రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ లోపల పొయ్యి మీద ఏదో కుతకుతలాడుతున్న చప్పుడు వినిపించింది కాని మనిషి బయటికి రాలేదు.

ఆదివారం సాయంత్రం సభ ముగిసింది, సోమవారం తెల్లవారుజామున లారీ రావాలి. రాత్రి పది దాటాక, నేను ట్రంకుపెట్టెకు తాడు బిగిస్తుండగా, పెద్దమ్మ వచ్చింది. వెనకాల మనవడు భుజాన సంచి మోసుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. "రేపు పోతన్నారంట గదా. గుడి గింజలు తెచ్చా. రెండేళ్ళవి. రాసుకోమను అయ్యగారిని" అంది. సంచిలో ఉన్నవి కొత్త జొన్నలు. రెండేళ్ళవైతే పురుగు పట్టాలి కదా అని నా నోరు ఊరుకోక అన్నాను. "పురుగు పట్టినయ్యి మేం తిన్నాం. బాకీ మాత్రం బాకీయే. కావాలంటే వచ్చి గోడ చూసుకోండి" అంది.

మా వారు నిజంగానే లాంతరు పట్టుకుని బయలుదేరారు, నేనూ వెంట వెళ్ళాను. నాపరాళ్ళ గోడకు లోపలివైపు మట్టి మెత్తిన ఇల్లు. పొయ్యికి ఎడమ పక్కన, మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా, బొగ్గుతో నిలువు గీతలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. పొగకు కింది వరుసలు సగం కలిసిపోయాయి. గుడికి రాని ప్రతి ఆదివారానికీ ఒక గీత. మా వారు లాంతరు దగ్గరగా పెట్టి వేలితో తాకకుండా లెక్కపెట్టారు. నూట మూడు వచ్చాయి. ఆమె పక్కనుంచి, ఒక వారం జ్వరమొచ్చి తాను పొయ్యి ముట్టించలేదనీ, ఆ వారానికి గీత లేదనీ, గింజలూ లేవనీ చెప్పింది. తలుపు చాటున ఆ పెళ్ళికూతురు చంకలో బిడ్డతో నిలబడి ఉంది. బిడ్డకు ఏడాది పైనే ఉంటుంది. మా వారు అటు ఒకసారి చూశారు, ఏమీ అనలేదు.

బయటికి వస్తూ, "పెళ్ళి సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా పెద్దమ్మా?" అని మాత్రం అడిగారు. "పెట్టుకున్నా. ఎందుకు పెట్టుకోను? మీరు చేసింది తప్పే. గుడేం చేసింది?" అంది పెద్దమ్మ.

ఇంటికి వచ్చాక కానుకల పుస్తకం కోసం నేను కట్టిన ట్రంకు తాళ్ళన్నీ విప్పాల్సి వచ్చింది. పొద్దున్నే కొత్తవారికి అప్పగించమని సంఘ కార్యదర్శికి ఇవ్వవలసిన పుస్తకాలను మా వారు మా సొంత ట్రంకులో అడుగున పెట్టారు. అంత లెక్కలు చూసుకునే మనిషికి పుస్తకం ఎక్కడ పెట్టాలో తెలియదు! నాకు ఆ రాత్రి వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. లాంతరు వెలుగులో ఆయన తేదీ వేసి, నూట మూడు వారాల పిడికెడు గింజలు ముట్టినవని, ఎవరి నుంచి అన్నది కూడా రాసి, కింద సంతకం చేశారు. ఆమె మనవడు సాక్షిగా వేలిముద్ర వేశాడు. ఉదయం లారీ కదిలినప్పుడు ఊరంతా వచ్చింది, పెద్దమ్మ రాలేదు. ఆ సాయంత్రం సభలో మా వారు ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ పద్దు మాత్రం అక్షరం అక్షరం గుర్తుంది.

అందుకని, సోదరా, ప్రసంగం రాసే కాగితం పక్కన పెట్టి ముందు రిజిస్టర్లు తీయండి. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు, కానుకలు, అన్నీ ఆనాటి వరకు రాసి, ప్రభు భోజనపు పాత్రలు, గుడి తాళంచెవులతో సహా ఇద్దరు పెద్దల ఎదుట అప్పగించండి. ఇది చిన్న విషయమని మీకు అనిపిస్తే, మేము పల్నాడు వదిలి గోదావరి దాటి చేరిన ఊళ్ళో మాకు ఏం దొరికిందో వినండి. బాప్తిస్మపు రిజిస్టరులో చివరి రెండేళ్ళు ఖాళీ. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు తల్లుల నోటి లెక్కల మీద, సంక్రాంతికి ముందా వెనకా అని అడిగి అడిగి మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. పైగా మేము దిగిన మూడో రోజునే ఊళ్ళో కొట్టు యజమాని వచ్చి, అంతకుముందు ఉన్నవారి చిట్టా మా చేతిలో పెట్టాడు. బోధకుడి బాకీ బోధకుడే తీర్చాలని ఆయన వాదం. ఆ చిట్టా తీరేసరికి క్రిస్మస్ వచ్చింది. వారికి ఘనంగా వీడ్కోలు సభ జరిగిందని, గంటసేపు కదిలించేలా మాట్లాడారని ఊరివాళ్ళు చెప్పారు.

మా ప్రాంతాల సంగతి చెబుతున్నాను కాబట్టి ఫాదర్ హయ్యర్ను తలుచుకోకుండా ఉండలేను. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఆ లూథరన్ మిషనరీ, మధ్యలో అమెరికా వెళ్ళి తిరిగి వచ్చి, పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేసి, 1857లో మళ్ళీ అమెరికా వెళ్ళిపోయాడు. అది చివరి వీడ్కోలు అనే అందరూ అనుకుని ఉంటారు. రాజమండ్రి మిషను వేరే సంస్థ చేతికి పోబోతోందని తెలిసి, డెబ్బై అయిదు దాటిన వయసులో, 1869లో ఓడెక్కి మళ్ళీ వచ్చాడు. పని నిలబెట్టి, తర్వాతివారికి అప్పజెప్పి, వెళ్ళి 1873లో కన్నుమూశాడు. మేము కూడా పల్నాడు నుంచి గోదావరి వైపే వెళ్ళాము కాబట్టి, కొవ్వూరు దగ్గర రైలు రోడ్డు వంతెన మీద లారీ వెళుతుంటే మా వారు ఈ కథంతా పిల్లలకు చెప్పారు. 1974లో తెరిచిన ఆ వంతెన అప్పటికింకా కొత్తదే. పిల్లలు రేవులో పడవలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఇక 1883లో గుంటూరు వచ్చిన వైద్య మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ లాంటివారికి ఈ బెడదే లేదు. మధ్యలో సెలవు మీద వెళ్ళి వచ్చినా, ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. అలా ఉండిపోయినవారికి సమాధిరాయి దొరుకుతుంది, మాలాంటివారికి శాలువాలు దొరుకుతాయి.

హయ్యర్ తిరిగి వచ్చాడు కదా అని మీరు తిరిగి వెళ్ళకండి. ఆయన వెళ్ళింది పని ఆగిపోతున్న చోటికి. ఈ రోజుల్లో వెళ్ళిపోయిన బోధకులు వెళ్ళినట్టే ఉండి, పాత సంఘం వాట్సాప్ గ్రూపులో కూర్చుని, కొత్తవారు ఏ పాట పాడించారో, కోత పండుగ వేలంపాట ఎవరు నిర్వహించారో రోజూ అడిగి తెలుసుకుంటున్నారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. కనీసం ఒక సంవత్సరం ఆ గ్రూపులోంచి బయటికి రండి. పెళ్ళికి పిలిస్తే కొత్త బోధకుడి చేతనే ప్రార్థన చేయించమనండి.

1981 జూలైలో పల్నాటి సంఘానికి వచ్చిన కొత్త అయ్యగారి నుంచి మా వారికి ఉత్తరం వచ్చింది. కానుకల పుస్తకంలో చివరి పద్దు నూట మూడు వారాలకు ఉందనీ, అది ఎలా సాధ్యమో, ఆమె సంగతి ఏమిటో, ఆమెతో ఎలా మసలుకోవాలో వివరంగా రాయమనీ అడిగారు. మా వారు రెండు కాగితాలు నింపి, చదివి, చించేశారు. తర్వాత నా చేత ఒక పోస్టుకార్డు రాయించారు: "పద్దు సరిగానే ఉంది. మిగతాది పెద్దమ్మను అడగండి."