జీన్ థెరపీ కంపెనీ బృందంలో ముందు ఎవరి కోసం వెతకాలి?

ప్రశ్న: ఒక జీన్ థెరపీ (జబ్బు తగ్గించడానికి ఒంట్లోకి మంచి జన్యువుని పంపే చికిత్స) కంపెనీ యాజమాన్యం, సైంటిస్టుల వివరాలు చూసి ఆ కంపెనీని నమ్మొచ్చో లేదో మామూలు మనిషి చెప్పగలడా?

చెప్పగలడు. మా నాన్న చెప్పాడు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేశాడు.

మా తమ్ముడికి హీమోఫీలియా ఏ, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. ఆ జబ్బున్న ఇళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తెల్లవారుజామున మోకాలు ఉబ్బిపోతుంది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెడుతూ, వాణ్ణి ఆటోలో పడుకోబెట్టుకుని, రక్తం గడ్డకట్టడానికి ఎక్కించే ఎనిమిదో ఫ్యాక్టరు ఎక్కడ ఉందా అని ఫోన్లు చేసుకుంటూ వెళ్ళాలి. ఇంటర్ రెండో సంవత్సరంలో రెండు పరీక్షలు అలాగే పోయాయి. పోతే పోయాయి కానీ, ఏడుస్తూ కూడా వాడు అడిగింది ఒక్కటే: "అక్కా, దీనికి శాశ్వతంగా మందు లేదా?"

అలాంటి ఇంటికి 2018లో ఒక ఆహ్వానం వచ్చింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ఉచిత అవగాహన సదస్సు. ఎవరు పెట్టారో పేరు చెప్పను. నలుగురం వెళ్ళాం. చల్లటి హాలు, కాఫీ, దళసరి కాగితం మీద అచ్చేసిన పుస్తకం. "ఒక్కసారి చికిత్స, జీవితాంతం విముక్తి" అని అట్ట మీదే ఉంది. మధ్య పేజీలో కంపెనీ పెద్దలు తొమ్మిది మంది ఫొటోలు. అందరూ కోట్లు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాన్న ఒక్కో ఫొటో మీద వేలు పెట్టి "ఈయన ఎవరో చదువమ్మా" అన్నాడు. చదివాను. చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్, ఫైనాన్స్, మార్కెటింగ్, మళ్ళీ మార్కెటింగ్. తొమ్మిదీ అయ్యాక నాన్న లేచి, మైకు పట్టుకున్న కుర్రాణ్ణి అడిగాడు:

"బాబూ, ఈ తొమ్మిది మందిలో మా వాడి జబ్బు చూసే డాక్టరు ఎవరు?"

ఆ అబ్బాయి ఒక ఫొటో చూపించాడు. చదివాను కదా, ఆయన చర్మం, జుట్టు డాక్టరు.

"పోనీ, ఇదివరకు చేయించుకున్న వాళ్ళలో ఒకరితో నన్ను మాట్లాడించు. వాళ్ళకి చేసి ఎన్నేళ్ళయింది?"

దీనికి జవాబు రాలేదు. ఈ నెలాఖరులోపు రెండు లక్షలు కట్టి పేరు రాయించుకుంటే రాయితీ ఉందని మాత్రం వచ్చింది.

అమ్మ అప్పటికే బాబాయిని డబ్బు అడిగి ఉంది. తిరుగు బస్సులో మంగళగిరి దాటేదాకా ఏడుస్తూనే ఉంది. నాన్న ఒక్క మాట అన్నాడు: "బస్తా మూతి దగ్గర ఎర్ర కాయే పోస్తారే. అడుగుదాకా చెయ్యి పెట్టకుండా రేటు కట్టకూడదు." అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇది. జీన్ థెరపీ కంపెనీలో సీఈవో ఎక్కడ చదివాడన్నది చివర చూడాల్సిన విషయం. ఆ జబ్బున్న మనుషులకి ఏళ్ళ తరబడి వైద్యం చేసిన డాక్టరు ఆ బృందంలో ఉన్నారా, వాళ్ళ మాట అక్కడ చెల్లుతుందా అన్నది ముందు చూడాలి. ఎందుకంటే ఈ మందు రేపు మార్చుకునే బిళ్ళ కాదు. ఏఏవీ అనే వైరస్‌లో జన్యువుని పెట్టి ఒకసారి ఎక్కిస్తే, ఒంట్లో ఆ వైరస్‌కి యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. ఇప్పటి పద్ధతుల్లో మళ్ళీ అదే ఎక్కించడం కుదరదు. ఉన్న ఒక్క అవకాశాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవద్దా?

నాకు బాగా గౌరవం ఉన్న మనిషి కేథరిన్ హై. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రక్తజబ్బుల డాక్టరుగా పనిచేసింది. హీమోఫీలియా బి (ఇందులో తక్కువయ్యేది తొమ్మిదో ఫ్యాక్టరు) మీద ఆవిడ బృందం మొదట్లో చేసిన ప్రయోగాల్లో, ఒక రోగికి ఫ్యాక్టరు పెరిగినట్టే పెరిగి కొన్ని వారాల్లో పడిపోయింది, లివర్ ఎంజైములు పెరిగాయి. వాళ్ళు దాన్ని దాచలేదు. వైరస్ పైపొరని గుర్తుపట్టి మన ఒంటి రక్షణ కణాలే ఆ లివర్ కణాల మీద పడ్డాయని 2006లో అచ్చేశారు. ఇప్పుడు ఇలాంటి చికిత్సల్లో లివర్ మీద కన్నేసి ఉంచి స్టెరాయిడ్లు ఇస్తున్నారంటే ఆ రోజు నేర్చుకున్న పాఠమే. 2013లో మొదలైన స్పార్క్ థెరప్యూటిక్స్ స్థాపకుల్లో ఆవిడ ఒకరు. జీన్ బెనెట్, ఆల్బర్ట్ మగ్వైర్ అనే భార్యాభర్తలు పుట్టుకతో చూపు లేని కుక్కలతో మొదలుపెట్టిన పనిని లక్స్‌టర్నా అనే కంటి జీన్ థెరపీగా 2017 డిసెంబరులో అనుమతి దాకా తెచ్చింది ఆ కంపెనీయే. ఓడిపోయిన ప్రయోగాన్ని విప్పి చెప్పిన మనిషి బృందంలో ఉంటే నేను నమ్ముతాను.

దీనికి ఎదురు ఉదాహరణ మనందరికీ తెలిసిన మందే. చంటిబిడ్డల కోసం పదహారు కోట్ల ఇంజక్షన్ అంటూ వాట్సాప్‌లో మెసేజ్ వస్తే తలా కాస్త పంపించామే, ఆ జోల్‌జెన్‌స్మా. మందు మంచిదే, ఎంతోమంది పిల్లల్ని నిలబెట్టింది. దాన్ని తయారుచేసిన అవెక్సిస్‌ని నోవార్టిస్ 2018లో 870 కోట్ల డాలర్లకి కొన్నది. ఎలుకల పరీక్షల లెక్కలు తారుమారయ్యాయని 2019 మార్చికే కంపెనీకి తెలుసు. అమెరికా ఎఫ్‌డీఏ మే 24న అనుమతి ఇచ్చింది. కంపెనీ ఎఫ్‌డీఏకి చెప్పింది జూన్ 28న! మందు మార్కెట్లో ఉండవచ్చనే ఎఫ్‌డీఏ తేల్చింది, సరే. కానీ తెలిసిన రోజే చెప్పమని గట్టిగా పట్టుబట్టే మనిషి పై కుర్చీల్లో ఒక్కరు ఉంటే ఆ మచ్చ పడేది కాదు.

సైన్సు గట్టిగా ఉన్నా యాజమాన్యం మనసు మార్చుకుంటే మనం చేసేదేమీ ఉండదు. స్పార్క్‌లో పుట్టిన హీమోఫీలియా బి చికిత్సే ఫైజర్ చేతికి వెళ్ళి, 2024 ఏప్రిల్‌లో బెక్‌వెజ్ పేరుతో అమెరికాలో అనుమతి పొందింది. అప్పుడు ధర 35 లక్షల డాలర్లు. ఏడాది తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, అడిగేవాళ్ళు లేరని ఆపేస్తున్నట్టు ఫైజర్ చెప్పింది. పదిహేనేళ్ళు ఆశపడ్డ కుటుంబాలకి ఎలా ఉంటుందో మా ఇంట్లో వాళ్ళని అడగండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. హీమోఫీలియా తల్లి వైపు నుంచి వస్తుందని సగం తెలుసుకున్న చుట్టాలు మా అమ్మని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎన్ని మాటలన్నారో. సుమారు మూడింట ఒక వంతు కేసుల్లో కుటుంబంలో ముందు ఎవరికీ ఉండదు, జన్యువులో కొత్తగా వచ్చిన మార్పు అది. ఉన్నా, అది ఆవిడ చేసిన తప్పా? "ఒక్క ఇంజక్షన్‌తో జబ్బు మాయం" అని అరిచే టీవీ వాళ్ళు ఈ సంగతి ఒక్కసారైనా చెబితే ఎంతమంది తల్లులకి ఊపిరి తిరుగుతుందో.

సరే, మన దగ్గరి సంగతి. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ సైంటిస్టులతో కలిసి హీమోఫీలియా ఏ మీద చేసిన ప్రయోగం 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రోగి మూలకణాలనే తీసి, లెంటీవైరస్‌తో జన్యువుని చేర్చి, తిరిగి ఎక్కించారు. ఐదుగురు రోగులు. అందరినీ కలిపి 81 నెలలు గమనిస్తే, చికిత్స తరువాత ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. ఐదుగురేనా అంటారేమో. ఐదుగురే. ముందు కీమో కూడా ఇవ్వాలి, అది తేలిక కాదు. అయినా నాకు ధైర్యం ఎందుకంటే, ఆ పని నడిపింది దశాబ్దాలుగా మన దేశంలో హీమోఫీలియా రోగుల మోకాళ్ళు పట్టుకుని చూసిన డాక్టరు. మన దగ్గర ఫ్యాక్టరు ఎంత దొరుకుతుందో, దొరకనప్పుడు ఏమవుతుందో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. రేపు దీన్ని ఏ కంపెనీ తీసుకున్నా, ఆ డాక్టర్లని పక్కన పెట్టకుండా తీసుకోవాలని నా కోరిక.

జన్యువుల్లోకి చొచ్చుకుపోయే లెంటీవైరస్ లాంటిది వాడితే రోగిని 15 ఏళ్ళ వరకు గమనించాలని ఎఫ్‌డీఏ మార్గదర్శకాలు చెబుతాయి. పదిహేనేళ్ళలో సీఈవోలు ఎంతమంది మారతారు? కాబట్టి మీరు చూస్తున్న కంపెనీకి ఫోన్ చేసి, ఆ పదిహేనేళ్ళ బాధ్యత ఎవరిదో పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే ఫోన్ పెట్టేయండి.

వచ్చే నెల వేలూరు వెళ్ళడానికి కాట్పాడి స్టేషన్‌కి టికెట్లు తీశాను. చికిత్స ఇస్తారని కాదు, అడిగి తెలుసుకుందామని. తమ్ముడు నోటుపుస్తకంలో పదకొండు ప్రశ్నలు రాసుకున్నాడు. మొదటిది నాన్న చెప్పి రాయించాడు: "చేసిన తరువాత మా వాణ్ణి ఎన్నేళ్ళు చూస్తారు, ఎవరు చూస్తారు?"