డైపర్ వేస్తేనే మోషన్‌కు వెళ్తున్న మూడేళ్ల బాబు

మీ బాబు మూత్రానికి చక్కగా బాత్రూమ్‌కు వెళ్తున్నాడు, మోషన్ వస్తే మాత్రం డైపర్ వేయమని ఏడుస్తున్నాడు, జూన్‌లో ప్లేస్కూల్లో చేర్చాలి అని రాశారు. మా అమ్మాయి కూడా అచ్చం ఇలాగే చేసేది. అది మొండితనం కాదండీ, భయం. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పెడితే పిల్లలు బిగబట్టుకుంటారు. బిగబట్టినకొద్దీ పేగు నీటిని పీల్చేసుకుని మలం ఇంకా గట్టిపడుతుంది. ముందు ఆ నొప్పి పోవాలి. అది పోకుండా ఎంత ఖరీదైన పాటీ సీటు కొన్నా ఉపయోగం ఉండదు.

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పార్కులో సాయంత్రాలు తెలుగు, కన్నడ తల్లులం కలిసి కూర్చుంటాం. నాకు దారి చూపింది వాళ్లే. కడప నుంచి వచ్చిన ఒక అక్క ముందుగా అడిగింది, "పాలు ఎన్ని తాగుతుంది?" అని. మా పిల్ల అన్నం వద్దని రోజంతా పాలే తాగేది. పాలు అర లీటరుకు తగ్గించి బొప్పాయి, తోటకూర పప్పు, నీళ్లు పెంచాం. పిల్లల డాక్టరు కూడా అదే చెప్పి, కొన్నాళ్లు వాడమని మలం మెత్తబడే మందు రాశారు. మందు మాత్రం డాక్టరు చెప్పకుండా వాడకండి.

ఆ అక్కే ఒకరోజు మా ఇంటికి వచ్చారు. కమోడ్ మీద కూర్చున్న పిల్ల కాళ్లు వేలాడుతుండటం చూసి, వంటింట్లో పీట తెచ్చి పాదాల కింద పెట్టారు. మోకాళ్లు నడుము కంటే పైకి లేచాయి, పిల్ల కాస్త ముందుకు వంగింది. గొంతుకూర్చున్నట్టే అన్నమాట. కాళ్లకు ఆనుడు లేకపోతే ముక్కడానికి బలం ఎక్కడిది?

డైపర్ ఉన్నట్టుండి మాన్పించకండి. వేయండి, కానీ బాత్రూమ్‌లోనే వెళ్లాలని చెప్పండి. కుదిరాక డైపర్‌తోనే కమోడ్ మీద కూర్చోబెట్టండి. ఆ తర్వాత డైపర్ అడుగున రంధ్రం కత్తిరించి తొడగండి. ఇది ఒక కన్నడ స్నేహితురాలు చెప్పిన ఉపాయం, మా పిల్లకు దీనితోనే భయం పోయింది. కూర్చోబెట్టడానికి భోజనమైన కాసేపటికి మంచి సమయం, కడుపులో అన్నం పడితే పేగులు కదులుతాయి. అయిదు నిమిషాలు చాలు, రాకపోతే లేపేయండి.

"మా రోజుల్లో ఏడాదికే అలవాటయ్యేది" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. కాళ్ల మీద కూర్చోబెట్టుకుని, పిల్ల ముఖం చూసి వేళ పసిగట్టే ఓపిక వాళ్లది, దానికి దండం పెట్టాలి. అయితే తనకు వస్తోందని పిల్లే తెలుసుకుని వెళ్లడం వేరే సంగతి. పిల్లలు సిద్ధమయ్యాకే నేర్పాలని అమెరికన్ పిల్లల వైద్యుడు బ్రేజల్టన్ 1962లోనే రాశారు.

జూన్ గురించి ఇప్పుడే టీచరుతో మాట్లాడండి. రక్తం పడినా, లోదుస్తుల్లో కొంచెం కొంచెంగా మలం అంటుతున్నా డాక్టరుకు చూపించండి. రాత్రి డైపర్ జోలికి ఇప్పుడు వెళ్లకండి, అయిదేళ్ల వరకు పక్క తడపడం మామూలే.