టెక్ సందేహాలు: పాత పెడల్‌బోర్డుకు మిడి ప్రాణం

ప్రశ్న: పాత ఆర్గాన్ నుంచి ఊడదీసిన 32 పెడళ్ల (కాళ్లతో వాయించే మీటల) బోర్డు నా దగ్గర ఉంది. దాన్ని యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి గ్రాండ్‌ఆర్గ్ అనే ఆర్గాన్ సాఫ్ట్‌వేర్‌లో వాయించాలని ఉంది. ఆర్డుయినో యునో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు సరిపోతుందా? వైరింగ్ ఎలా చేసుకోవాలి?

జవాబు: మామూలు యునో (ఆర్3) వద్దు. అందులోని ప్రధాన చిప్‌కు సొంతంగా యూఎస్‌బీ లేదు కాబట్టి కంప్యూటర్‌కు అది ఒట్టి సీరియల్ పోర్టులా కనిపిస్తుంది. ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో గానీ లియొనార్డో గానీ తీసుకుని మిడియూఎస్‌బీ లైబ్రరీ వాడితే, వేరే డ్రైవర్ లేకుండానే కంప్యూటర్ దాన్ని మిడి (వాద్యాలు స్వరాలను సందేశాలుగా పంపే పద్ధతి) పరికరంగా గుర్తిస్తుంది.

మైక్రోకంట్రోలర్ బోర్డు కొనేముందు మల్టీమీటర్ పట్టుకుని పెడళ్ల కిందికి చూడండి. ఏం కొనాలో అక్కడి వైరింగే చెబుతుంది. చాలా పాత పెడల్‌బోర్డుల్లో కాంటాక్టులన్నిటికీ ఒకటే ఉమ్మడి తీగ ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే మ్యాట్రిక్స్ (స్విచ్‌లను అడ్డు, నిలువు వరుసలుగా కలిపే) సర్క్యూట్‌ను దీనికి నేరుగా తగిలిస్తే పనిచేయదు. ముక్కకు 8 పెడళ్ల చొప్పున ఉమ్మడి తీగను 4 ముక్కలుగా కోయాలి. కోయడం ఇష్టం లేకపోతే నాలుగు 74హెచ్‌సీ165 షిఫ్ట్ రిజిస్టర్లను (8 ఇన్‌పుట్లను ఒకే తీగమీద వరుసగా పంపే చిప్‌లను) గొలుసుగా కలపండి. 32 ఇన్‌పుట్లు వస్తాయి, మైక్రోకంట్రోలర్‌కు 3 సిగ్నల్ తీగలు చాలు. ఉమ్మడి తీగను గ్రౌండ్‌కు కలపాలి. ఈ చిప్‌లో పుల్‌అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు ఇన్‌పుట్‌ను సరఫరా వోల్టేజీ వద్ద ఉంచే రెసిస్టర్) ఉండదు కనుక ఒక్కో ఇన్‌పుట్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. అది మరిచిపోతే ఎవరూ తొక్కకుండానే పెడళ్లు మోగుతాయి.

ఒక పెడల్ తొక్కి ఉంచి పక్కదాన్ని తొక్కగానే మొదటిదాని కనెక్షన్ తెగిపోతోందా? అయితే ఒకసారికి ఒక్క స్వరమే పలికేలా కాంటాక్టులను వరుసగా కలిపారన్నమాట. ఆ వైరింగ్‌ను బాగుచేయబోవడం కంటే మొత్తం తీసేసి రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరైతే మూసుకునే గాజుగొట్టపు స్విచ్‌లు) పెట్టడమే మేలు. పెడల్‌కు చిన్న అయస్కాంతం, ఫ్రేముకు స్విచ్. స్విచ్‌లను పొడవాటి గాడి ఉన్న పట్టీమీద బిగిస్తే తరవాత ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. అన్ని పెడళ్లూ ఒకే లోతులో పలకాలంటే ఈ సర్దుబాటు కావాల్సిందే. స్విచ్ తీగకాళ్లు వంచేటప్పుడు గాజుకూ వంపుకూ మధ్య తీగను పట్టకారుతో పట్టుకోండి, లేదంటే గాజు చిట్లుతుంది.

ఇలా విడివిడి స్విచ్‌లైతే 4 అడ్డు వరుసలు, 8 నిలువు వరుసల మ్యాట్రిక్స్ హాయిగా సరిపోతుంది. 12 పిన్నులు చాలు, ప్రో మైక్రోలో 18 ఉన్నాయి. ప్రతి స్విచ్‌కూ ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) పెట్టండి. నిలువు పిన్నులకు లోపలి పుల్‌అప్ పెట్టి, అడ్డు వరుసలను ఒక్కొక్కటిగా ‘లో’ (సున్నా వోల్టులు) చేస్తూ చదివేటప్పుడు డయోడ్ గీత అడ్డు వరుస వైపు ఉండాలి. రెండు కాళ్లతో వాయించేవాడికి ఇవెందుకు అనుకోకండి. మిడిలో 36, 38, 44 నంబర్ల పెడళ్లు ఒక్క క్షణం కలిసి మూసుకున్నా, డయోడ్లు లేకపోతే ఎవరూ తొక్కని 46 కూడా మోగుతుంది. ఆ తప్పును కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు.

కోడ్‌లో స్వరాల మిడి నంబర్లు: కింది సి 36, పై జి 67. ఆక్టేవ్ పేర్లు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రకం, నంబరునే నమ్మండి. 16 అడుగుల స్టాప్ (ఒక ఆక్టేవ్ కింద పలికే గొట్టాల వరుస) కోసమని 12 తగ్గించే పని మీరు చేయొద్దు, దాన్ని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. వెలాసిటీ (తొక్కిన బలాన్ని చెప్పే అంకె) 100 అని స్థిరంగా పంపండి. సున్నా పంపితే అది నోట్ ఆఫ్ (స్వరం ఆపమనే సందేశం) కింద లెక్క!

ప్రశ్న: నా పెడల్ ఒకసారి తొక్కితే రెండుసార్లు మోగుతోంది. కోడ్‌లో డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టాను, రెండోసారి మోగడం ఆగింది కానీ స్పందన మందగించింది.

జవాబు: డిలే పెడితే ఆ ఒక్క పెడల్ కోసం 32 పెడళ్లూ ఆగుతాయి. దాన్ని తీసేయండి. స్విచ్ మూసుకున్నట్టు తెలిసిన మరుక్షణం నోట్ ఆన్ (స్వరం మొదలుపెట్టమనే సందేశం) పంపి, ఆ తరవాత 8 మిల్లీసెకన్ల పాటు ఆ పెడల్‌లో వచ్చే మార్పులను మాత్రమే పట్టించుకోకండి. వదిలేటప్పుడూ అంతే. దీనికి ఒక్కో పెడల్‌కు చివరి మార్పు సమయం విడిగా దాచుకోవాలి. అప్పటికీ ఆగకపోతే కాంటాక్టుకు పట్టిన చిలుమును కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. ఉప్పుకాగితంతో మాత్రం రుద్దొద్దు, పైపూత పోతే మళ్లీ త్వరగా పాడవుతుంది.

ప్రశ్న: అంతా పనిచేస్తోంది. తొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావట్లేదు. వేగమైన బోర్డు కొనాలా?

జవాబు: అక్కర్లేదు. 32 పెడళ్లను చదవడం మైక్రోకంట్రోలర్‌కు మిల్లీసెకను పని కూడా కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఆడియో బఫర్ (శబ్దాన్ని వినిపించేముందు పోగుచేసే నిల్వ) చూడండి: 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు, 256 అయితే సుమారు 5. విండోస్‌లో ఏఎస్ఐఓ (ఆలస్యం తగ్గించే ఆడియో) డ్రైవర్‌కు మారి బఫర్‌ను మెల్లగా తగ్గించుకుంటూ రండి. చిటపట శబ్దాలు మొదలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో వింటున్నట్లయితే ముందు వాటిని పక్కన పెట్టి తీగ ఉన్నవి పెట్టుకుని చూడండి.