డాక్టరమ్మ జవాబులు: గంగడోలుకి దారమా, కత్తా?

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది కావలి. నాకు 56 ఏళ్లు, హైస్కూల్లో లెక్కల టీచర్ని. మూడేళ్ల కిందట షుగర్ బయటపడితే రాత్రిళ్లు అన్నం మానేసి, పొద్దున్నే నడక పెట్టుకుని 15 కిలోలు తగ్గాను. షుగర్ అదుపులోకి వచ్చింది గానీ మొహం జారిపోయింది. మా పెద్దమ్మాయి పెళ్లి ఆల్బమ్ వస్తే అందరం కూర్చుని చూస్తా ఉన్నాం. తలంబ్రాల ఫొటోలో పక్కనుంచి నా మెడ పడింది. మా తమ్ముడు "ఏందక్కా, ఒంగోలు గిత్త గంగడోలు మాదిరి ఉందే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల్లూరులో ఒకచోటికి పోతే సరిగ్గా చూడకముందే మొహం బిగించే మెషీనంటూ మూడు సిట్టింగుల హైఫూ ప్యాకేజీ అన్నారు. ఈ వారమైతేనే డిస్కౌంట్ అని 5,000 అడ్వాన్స్ కట్టించుకున్నారు. మద్రాసులో ఉన్న మా చిన్నమ్మాయి చర్మం కింద దారాలు వేయించుకోమంటుంది. మా ఆయనేమో "ఈ వయసులో ఎవరు చూడాలని?" అంటారు. బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నాను. ఏది చేయించుకోమంటారు?
— ఒక టీచర్, కావలి

జవాబు: టీచరమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి. గిత్తకి గంగడోలు ఎంత వేలాడితే అంత అందం, సంతలో దాన్ని చూసి రేటు పెంచుతారు. మీ తమ్ముడికి ఆ మాట చెప్పి నోరు మూయించండి. మీ ఆయనకి జవాబు ఇంకా తేలిక. రోజూ అద్దంలో చూసుకునేది మీరు. చాలదా?

నాకు 63. నా మెడా అలాగే ఉంది. ఇన్నేళ్లు ఇంకొకరి మెడలు బిగించిన దాన్ని, నాది మాత్రం వదిలేశాను. సగం బద్ధకం, సగం కత్తి కింద పడుకోవాలంటే భయం. అందుకని భయపడేవాళ్లనీ తప్పు పట్టను, చేయించుకునేవాళ్లనీ తప్పు పట్టను. చూడకుండా ప్యాకేజీ చెప్పేవాళ్లమీదే నాకు కోపం.

ఇప్పుడొక పని చేయండి. పగటి వెలుతురులో, కిటికీ ఎదురుగా అద్దం పెట్టుకుని నిలబడండి. గడ్డం కింద వేలాడేదాన్ని బొటనవేలూ చూపుడువేలూ పెట్టి మెల్లిగా పట్టుకోండి. వేళ్ల మధ్య దూదిలాగా మందంగా తగిలితే కొవ్వుంది. రెండు పొరల జాకెట్టు గుడ్డ పట్టుకున్నట్టు పల్చగా ఉండి, వదిలాక నెమ్మదిగా వెనక్కి పోతే అది ఉత్త చర్మం. పట్టుకున్న వేళ్లు వదలకుండా పళ్లు బిగించి "ఈ" అనండి. అప్పుడు చేతిలోది చాలావరకు జారిపోతే కొవ్వు కండరం అడుగున ఉన్నట్టు. అదే "ఈ"లో మెడమీద నిలువుగా రెండు తాళ్లు లేచాయా? కాలర్ ఎముక నుంచి దవడ దాకా పల్చటి దుప్పటిలాగా పరుచుకుని ఉండే ప్లాటిస్మా అనే కండరం అంచులవి. వయసుతో అవి మధ్యలో విడిపోయి వదులవుతాయి.

మీ ఉత్తరాన్ని బట్టి, 15 కిలోలు తగ్గాక మీ దగ్గర మిగిలింది ఎక్కువగా చర్మం, దాని కింద వదులైన కండరం. కొవ్వు ఎప్పుడో పోయింది. ఈ ఒక్క సంగతి తేలితే సగం ప్యాకేజీలు వాటంతట అవే ఎగిరిపోతాయి.

నులక మంచం గుర్తుందా? నులక వదులై నడుము దగ్గర గుంటపడితే పైన దుప్పటి ఎంత లాగి పరిచినా గుంట పోదు. కాళ్ల దగ్గర తాడు బిగించాలి. మొహంలోనూ అంతే. చర్మం దుప్పటి, కింద ఉన్న కండరం పొర నులక. 1970ల దాకా మా ప్లాస్టిక్ సర్జన్లూ ఎక్కువగా దుప్పటే లాగేవాళ్లు. మొహం సాగదీసినట్టు కనిపించేది, కొన్నాళ్లకి మళ్లీ జారేది. 1976లో ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు ఆ కింది పొరని విడిగా గుర్తించి రాశాక నులక బిగించడం అందరికీ అలవాటైంది.

హైఫూ అంటే ధ్వని తరంగాలని చర్మం అడుగున ఒక చుక్కమీదికి చేర్చి వేడి పుట్టించడం. మెషీన్ మూతికి తగిలించే కార్ట్రిడ్జుల్లో బాగా లోతుకి పోయేది 4.5 మిల్లీమీటర్ల దగ్గర ఆ చుక్క పెడుతుంది. అక్కడ 60 నుంచి 70 డిగ్రీల వేడి తగిలి, మానేటప్పుడు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పీచు కొత్తగా పుడుతుంది. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు. నలభైల్లో ఉండి, దవడ గీత అప్పుడప్పుడే చెదురుతున్న వాళ్లకి పనికొస్తుంది, కొందరికి బాగానే పనికొస్తుంది. మీకు కాదు. మిగులు చర్మాన్ని అది కోసెయ్యలేదు కదా. పైగా బరువు తగ్గి బుగ్గలు లోపలికి పోయిన మొహంలో ఉన్న కాస్త కొవ్వూ కరిగితే ఇంకా పీక్కుపోతుంది. ఆ 5,000 మర్యాదగా అడగండి. ఇస్తే మంచిది. ఇవ్వకపోతే పోయిందనుకోండి. ఐదు వేలు వదులుకోలేక యాభై వేలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

మీ చిన్నమ్మాయి చెప్పే దారాలు చర్మం కింద గుచ్చి పైకి లాగి పట్టేవి, చాలావరకు పీడీఓ అనే పదార్థంతో చేసినవి. మేం లోపలి కుట్లకి వాడేదే, కరిగిపోతుంది. దారం ఆరు నెలల్లో కరుగుతుంది, పట్టిన బిగువు ఏడాది తిరిగేలోపే చాలామందిలో దిగిపోతుంది. చర్మం పల్చబడిన చోట దారం గీతలాగా కనబడటం, సొట్ట పడటం కొత్తేం కాదు. కిందటేడు ఒకావిడ చెవి ముందు మొటిమ తగ్గట్లేదని వచ్చింది. లెన్సు పెట్టి చూస్తే మొటిమ మధ్యలో నూగు గింజంత నీలం చుక్క. ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే రెండంగుళాల దారం వచ్చింది. ఎక్కడో వేయించుకుని, ఆ మాట నాకు చెప్పడానికి సిగ్గుపడింది పాపం.

నిలువు తాళ్లకి కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ వేస్తారు. మూడు నాలుగు నెలలుంటుంది, జారిన చర్మాన్ని మాత్రం ఏమీ చేయదు. కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్ ఒక్కటే చేయించుకోవడం కూడా మీకు వద్దు. కొవ్వు లేనిచోట కొవ్వు తీస్తే చర్మం ఇంకా వేలాడుతుంది. క్రీముల గురించి అడగలేదు, సంతోషం.

ఇక మిగిలింది ఆపరేషనే. మొహం కింది భాగం, మెడ కలిపి ఎత్తి కట్టడం. చెవి ముందు మడతలో మొదలై, తమ్మె చుట్టూ తిరిగి, వెనక జుట్టులోకి పోయే కోత ఒకటి. గడ్డం కింద చిన్న కోత ఇంకోటి. విడిపోయిన కండరం అంచులని మధ్యలో కలిపి కుడతాం, పక్కలకి లాగి బిగిస్తాం, మిగిలిన చర్మం తీసేస్తాం. మూడు నాలుగు గంటల పని. వారం లోపల కుట్లు విప్పడం మొదలుపెడతాం. కమిలిన రంగు పోవడానికి రెండు వారాలు. చెవి తమ్మెలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మొద్దుబారి ఉంటాయి. కమ్మలు పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలియదు. ఫలితం పదేళ్లకి అటూ ఇటూ ఉంటుంది, ఈలోపల వయసు ఆగదు.

మీ విషయంలో నా భయం బీపీ గురించి. ఈ ఆపరేషన్లో ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం గడ్డకట్టడం, అదీ చాలావరకు మొదటి రోజే. బీపీ ఎగిరితే ఆ ప్రమాదం పెరుగుతుంది. మెడలో రక్తం చేరితే ఊపిరికే అడ్డం రావచ్చు, అప్పటికప్పుడు తెరిచి తీయాలి. కాబట్టి "ఎంతవుతుంది?" అని అడిగే ముందు "అర్ధరాత్రి మెడ వాస్తే ఎవరొస్తారు, ఎక్కడ తెరుస్తారు?" అని అడగండి. మత్తు డాక్టర్ ఎవరో, కోసేది మీతో మాట్లాడిన డాక్టరేనో కాదో అడగండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉందా, పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో ఉందా చూసుకోండి. గోడమీద సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా అది వేరు. కింది పెదవి కదిలించే నరం దెబ్బతినే అవకాశం కూడా ఉంది. ఎక్కువమందికి తిరిగి వస్తుంది గానీ ఆ మాట ముందే చెప్పని వాళ్ల దగ్గర చేయించుకోకండి.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 7 దాటితే నేనైతే తేదీ ఇవ్వను. పుండు సరిగ్గా మానదు. బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలబడాలి. చెవులు కుట్టించుకున్నప్పుడు తమ్మెమీద గడ్డలాగా మచ్చ లేచిందా? లేచి ఉంటే కెలాయిడ్ స్వభావం. ముందే చెప్పండి. ఆస్పిరిన్ వాడుతుంటే రాసిన డాక్టరుని అడగకుండా మీరే ఆపొద్దు. గుటక వేసేటప్పుడు మెడ ముందు ఏదైనా గడ్డ పైకీ కిందికీ కదులుతోందేమో చూసుకోండి, కదిలితే ముందు థైరాయిడ్ సంగతి చూడాలి. దవడ పళ్లు ఊడి ఉన్నా చెప్పండి. ఒక పెద్దావిడ మెడ కోసమని వస్తే పళ్ల డాక్టర్ దగ్గరికి పంపాను. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక మొహం కింది భాగం నిండింది. మళ్లీ నా దగ్గరికి రాలేదు, నాకు ఫీజు పోయింది.

ఇన్సూరెన్స్ వాళ్లు దీనికి పైసా ఇవ్వరు, పైగా జీఎస్టీ పడుతుంది. మద్రాసులో చేయించుకుంటే మర్నాడే రైలెక్కి కావలి వచ్చేయకండి, వారం మీ చిన్నమ్మాయి ఇంట్లో ఉండండి. మెడకి ఎలాస్టిక్ పట్టీ వేస్తారు. ఎండాకాలం సెలవులని పెట్టుకుంటే రోహిణి కార్తెలో ఆ పట్టీ కింద చెమట ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. దసరా సెలవులకి ముందు నాలుగు రోజులు లీవు కలుపుకోండి.

నా మాట ఇది: షుగరూ బీపీ సరిగా ఉండి, ఆ ఫొటో మిమ్మల్ని ఇంకో ఆరు నెలల తర్వాత కూడా తినేస్తుంటే ఆపరేషన్ చేయించుకోండి. తినేయకపోతే ఏమీ చేయించుకోకండి. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవన్నీ మీ మెడకి డబ్బు దండగ.

ప్రశ్న: నాకు 26. ఇంకో ఐదు వారాల్లో పెళ్లి. గడ్డం కింద కొవ్వు కరిగించే ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?
— ఒంగోలు

జవాబు: పెళ్లికి ముందు వద్దు తల్లీ. ఆ మందు డీఆక్సీకోలిక్ యాసిడ్. కొవ్వు కణాలని పగలగొడుతుంది, అందుకే వేసిన తర్వాత గడ్డం కింద కప్పలాగా ఉబ్బుతుంది. ఆ వాపు వారమో, ఇంకా ఎక్కువో ఉంటుంది. ఒక్క డోసుతో తేలదు. నెలకోసారి చొప్పున రెండు మూడు, ఒక్కోసారి ఆరు దాకా పడతాయి. ఐదు వారాలంటే మీరు వాపుతోనే పీటలమీద కూర్చుంటారు. ఫొటోగ్రాఫర్‌కి కెమెరా కాస్త ఎత్తులో పెట్టమని చెప్పండి. పెళ్లయ్యాక కూడా మనసు పీకుతుంటే అప్పుడు చూద్దాం. అప్పటికి కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా మాత్రం ఆగాల్సిందే.